గొంతులో సీతాకోకచిలుక నెమ్మదిస్తే?

మీ తరగతిలో లక్ష్మి అనే అమ్మాయి ఉందనుకోండి. ఎనిమిదో తరగతి చదువుతోంది. రెండేళ్ళ క్రితం వరకు చాలా చలాకీగా ఉండేది. కబడ్డీ ఆడేది. లెక్క అందరికంటే ముందు చేసి మాస్టారికి చూపించేది. ఇప్పుడలా కాదు. మధ్యాహ్నం క్లాసులో కునికిపాట్లు పడుతోంది. నిన్న చదివిన పాఠం ఇవాళ గుర్తుండడం లేదు. ఆటలకు రమ్మంటే "నాకు ఓపిక లేదే" అంటోంది. అందరికీ ఉక్కపోస్తుంటే తను ఫ్యాను కట్టెయ్యమంటోంది.

"ఈడు వస్తోంది కదా, బద్ధకం ఎక్కువైంది" అంది వాళ్ళమ్మ. "రాత్రిళ్ళు సరిగా నిద్రపోవడం లేదేమో" అన్నారు నాన్న. "ఈమధ్య చదువుమీద బొత్తిగా శ్రద్ధ లేదు" అన్నారు మాస్టారు. "పిల్లకు దిష్టి తగిలింది" అంది నాయనమ్మ. నలుగురూ నాలుగు మాటలు అనేసరికి, చివరికి లక్ష్మి కూడా తాను సోమరినేనని నమ్మడం మొదలుపెట్టింది.

సంక్రాంతికి ఇంటికి సున్నం వేస్తూ నాన్న గుమ్మం పక్క గోడ దగ్గర ఆగారు. ఏటా పిల్లల పుట్టినరోజున అక్కడ పెన్సిలుతో ఎత్తు గీత గీయడం వాళ్ళింట్లో అలవాటు. తమ్ముడి గీతలు నిచ్చెన మెట్లలా పైకి పోతున్నాయి. లక్ష్మి గీతలు మాత్రం రెండేళ్ళుగా దాదాపు ఒకచోటే ఉన్నాయి. తమ్ముడు అక్కను దాటేశాడు!

అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన మాటలన్నీ ఓపిగ్గా విని, మెడను తడిమి చూసి, కాస్త రక్తం పరీక్షకు పంపారు. "మీ అమ్మాయి సోమరి కాదు. థైరాయిడ్ సరిగా పని చేయడం లేదు" అన్నారు.

లక్ష్మి కథ మనం అల్లుకున్నదే. కాని ఇలాంటి లక్ష్ములు, ఇలాంటి రాములు నిజంగా ఎందరో ఉన్నారు. ఈ జబ్బు దొంగలా నెమ్మదిగా వస్తుంది. అందుకే ఇంట్లో రోజూ చూసేవారికి తెలియదు. దాని గుర్తులు జబ్బులా కనిపించవు, గుణంలా కనిపిస్తాయి. మరి దీన్ని పోల్చుకోవడం ఎలా?

ఎక్కడుంది ఈ గ్రంథి?

ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో గ్లాసుతో నీళ్ళు పట్టుకోండి. తల కొద్దిగా పైకెత్తి ఒక గుక్క మింగండి. గొంతు ముందు భాగంలో గట్టిగా ఉండే ముడి పైకి వెళ్ళి కిందికి దిగడం కనిపించింది కదూ? దానికి కాస్త దిగువన, శ్వాసనాళానికి చెరో పక్క రెక్క ఆన్చి, రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఒక మెత్తని గ్రంథి ఉంటుంది. అదే థైరాయిడ్. మీ జీవశాస్త్రం పుస్తకంలో అవటు గ్రంథి అని ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 20 గ్రాములు. మామూలుగా కంటికి కనిపించదు. మింగినప్పుడు అక్కడ ఉబ్బుగా ఏదైనా కదిలితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

లాలాజల గ్రంథికి నాళం ఉంటుంది. థైరాయిడ్‌కు అలాంటి నాళమేదీ లేదు. అది తయారుచేసే హార్మోన్లు నేరుగా రక్తంలో కలుస్తాయి. అందుకే ఇది వినాళ గ్రంథి. దాని హార్మోన్లలో ముఖ్యమైనది థైరాక్సిన్. దీని అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి టి-4 అని కూడా అంటారు. శరీరంలోకి వెళ్ళాక అందులో ఒక అయోడిన్ ఊడి టి-3 అవుతుంది. కణాలలో అసలు పని చేసేది ఎక్కువగా ఈ టి-3.

ఏమిటా పని? ప్రతి కణానికీ "ఎంత వేగంగా పని చెయ్యాలి" అని చెప్పడం. పొయ్యి మీద వంట అవుతూ ఉండగా ఎవరో మంట తగ్గించారనుకోండి. పొయ్యి ఆరిపోదు. వంట ఆగిపోదు. కాని అన్నీ ఆలస్యమవుతాయి. థైరాక్సిన్ చాలకపోతే శరీరంలో జరిగేది అదే.

గుర్తులు మీరే ఊహించండి!

ఈ ఒక్క సూత్రం తెలిస్తే గుర్తులను బట్టీ పట్టనక్కరలేదు. ఒక్కొక్క అవయవం దగ్గరికి వెళ్ళి, "ఇది నెమ్మదిస్తే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు అదే వస్తుంది.

కణాలలో మంట తగ్గితే వేడి తక్కువ పుడుతుంది. అందుకే ఇతరులకు హాయిగా ఉన్నచోట వీరికి చలి వేస్తుంది.

గుండె నెమ్మదిస్తే నాడి నెమ్మదిస్తుంది. పేగుల కదలిక మందగిస్తే మలబద్ధకం. మెదడు మందగిస్తే నిద్రమత్తు, మతిమరుపు, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఒక్కోసారి కారణం లేని దిగులు. కండరాలు మందగిస్తే నీరసం, పట్టేసినట్లు నొప్పులు.

చెమట తగ్గి, పై పొర కొత్తగా తయారవడం ఆలస్యమైతే చర్మం పొడిబారి గరుకుగా అవుతుంది. జుట్టు పెళుసై రాలుతుంది.

ఇక చర్మం కింద జిగటగా ఉండే ఒక పదార్థం చేరి నీటిని పట్టి ఉంచుతుంది. అందువల్ల ముఖం, ముఖ్యంగా కళ్ళ చుట్టూ, ఉబ్బినట్లు ఉంటుంది. స్వరతంత్రుల దగ్గర కూడా ఇదే జరిగితే గొంతు బొంగురుపోతుంది.

బరువు సంగతేమిటి? ఆకలి పెరగకపోయినా బరువు కొంత పెరుగుతుంది. కాని అది సాధారణంగా కొద్ది కిలోలే. అందులోనూ చాలా భాగం నీరు, ఉప్పు. లావుగా ఉన్నవారందరికీ థైరాయిడ్ జబ్బే అనుకోవడం పొరపాటు. సన్నగా ఉన్నవారికి రాదనుకోవడం కూడా పొరపాటే.

ఆడపిల్లల్లో నెలసరి తేదీలు తప్పవచ్చు, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. చెప్పడానికి సిగ్గుపడి చాలామంది దాచే గుర్తు ఇది. దాచకండి.

పెద్దవారిలో లేని ఒక గుర్తు మీ వయసు వారిలో ఉంది. అదే ఎత్తు. ఎముకలు పెరగడానికి కూడా థైరాక్సిన్ కావాలి. బడి ఈడు పిల్లలు సాధారణంగా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు పెరుగుతారు. ఈడు వచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ పెరుగుతారు. ఎదగవలసిన వయసులో ఎదుగుదల ఆగిపోయి బరువు మాత్రం పెరుగుతుంటే దాన్ని తేలికగా తీసుకోకూడదు. లక్ష్మి ఇంటి గోడ చెప్పిన సంగతి అదే.

తోకకప్పలు చెప్పిన సాక్ష్యం

పెరుగుదలకూ థైరాయిడ్‌కూ సంబంధం ఉందని ఎలా తెలిసింది? 1912లో గుడెర్నాట్ష్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు రకరకాల గ్రంథులు ఆహారంగా వేసి చూశాడు. గుర్రం థైరాయిడ్ తిన్న తోకకప్పలకు తొందరగా కాళ్ళు వచ్చాయి, తోకలు పోయాయి. అవి ఇంకా పెరగకముందే బుల్లి కప్పలైపోయాయి! నాలుగేళ్ళ తరువాత ఇంకో ప్రయోగం జరిగింది. ఈసారి తోకకప్పల నుంచి థైరాయిడ్‌ను తీసేశారు. అవి లావయ్యాయి, పొడవయ్యాయి. కాని ఎన్నాళ్ళు చూసినా కప్పలు కాలేదు.

మనుషులలో ఈ సంగతి అంతకంటే ముందే, చాలా బాధాకరంగా బయటపడింది. స్విట్జర్లాండ్ కొండ ప్రాంతాల్లో అయోడిన్ చాలక చాలామందికి గొంతు దగ్గర పెద్ద వాపు వచ్చేది. దీన్నే గాయిటర్ అంటారు. బెర్న్ నగరంలో థియొడోర్ కోకర్ అనే శస్త్రవైద్యుడు దాన్ని కోసి తీయడంలో గొప్ప నిపుణుడు. 1874లో ఆయన 11 ఏళ్ళ బాలికకు గ్రంథినంతా తీసేశాడు. ఆపరేషన్ చక్కగా జరిగింది.

కొన్నేళ్ళ తరువాత ఆ పాప మందకొడిగా మారిందని కబురు వచ్చింది. 1883లో కోకర్ తన పాత రోగులను పిలిపించి చూశాడు. ఆపరేషన్‌కు ముందు ఆ పాపా, ఆమె చెల్లెలూ ఇంచుమించు ఒకేలా ఉండేవారు. ఇప్పుడు చెల్లెలు నిండుగా ఎదిగింది. అక్క మాత్రం పొట్టిగా, ఉబ్బిన ముఖంతో, చిన్నపిల్లలాగే మిగిలిపోయింది. గ్రంథి పూర్తిగా తీసేసిన ఇతరులలోనూ చాలామందికి ఇవే లక్షణాలు కనిపించాయి. కోకర్ తాను చేసిన హానిని దాచలేదు, లోకానికి చెప్పాడు. ఆ తరువాత గ్రంథిని పూర్తిగా తీసేయడం మానేసి, కొంత భాగం ఉంచడం మొదలుపెట్టాడు. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మరి మందు? 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జి ముర్రే అనే యువ డాక్టరు గొర్రె థైరాయిడ్ నుంచి రసం తీసి, 46 ఏళ్ళ ఒక స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. కొద్ది నెలల్లోనే ఆమె ముఖం వాపు తగ్గింది, మాట తేటపడింది, మళ్ళీ పనులు చేసుకోసాగింది. ఆమె ఇంకో 28 ఏళ్ళు బ్రతికింది! ఆమెకు కావలసిన మందు కోసం మొత్తం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడవలసివచ్చింది. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఇప్పుడు ఆ పని ఒక చిన్న మాత్ర చేస్తోంది.

ఎందుకు మందగిస్తుంది?

మొదటి కారణం అయోడిన్ లోపం. మీ వయసు వారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. లెక్క వేసి చూడండి: 70 ఏళ్ళ జీవితానికి మొత్తం 4 గ్రాముల లోపే! ఒక చిన్న చెంచాలో పట్టేస్తుంది. అయితే అంతా ఒకేసారి తింటే సరిపోదు. శరీరం దాన్ని అంతకాలం దాచుకోలేదు. రోజూ కొంచెం కొంచెం అందాలి.

వానలు, వరదలు పైమట్టిని కోసుకుపోయిన కొండ ప్రాంతాల్లో నేలలోనే అయోడిన్ తక్కువ. హిమాలయాల పాదాల దగ్గర కాంగ్రా లోయలో ఇలాగే గాయిటర్ ఎక్కువగా ఉండేది. 1956లో అక్కడ సుమారు లక్షమంది మీద ఒక పెద్ద పరిశీలన మొదలైంది. లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. అయిదేళ్ళు గడిచేసరికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది. మూడోచోట తగ్గలేదు. తరువాత అక్కడ కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. ఈ కృషికి నాయకత్వం వహించినది మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం ప్రారంభమైంది. మీ వంటింటి ఉప్పు పొట్లం మీద అయోడిన్ అనే మాట ఉందేమో చూడండి. దాని వెనుక ఇంత కథ ఉంది.

అయితే ఉప్పు సరిగా తింటున్నా ఈ జబ్బు రావచ్చు. రోగక్రిములను చంపవలసిన మన రక్షణ వ్యవస్థ ఒక్కోసారి పొరబడి, సొంత థైరాయిడ్‌నే శత్రువనుకుని దెబ్బతీస్తుంది. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో దీన్ని మొదట వర్ణించాడు. అయోడిన్ చాలినంత దొరికే చోట్ల అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఇదే. మగవారికంటే ఆడవారిలో చాలా ఎక్కువ. ఒకే కుటుంబంలో పలువురికి రావచ్చు. ఇది అంటువ్యాధి కాదు. రోగి చేసిన తప్పు వల్ల వచ్చేది అంతకంటే కాదు.

ఏడవని పాపాయి

అన్నిటికంటే తొందరపడవలసిన సందర్భం ఒకటుంది. కొందరు శిశువులు థైరాయిడ్ లేకుండానో, అది సరిగా పనిచేయకుండానో పుడతారు. పుట్టగానే వారు మామూలుగానే కనిపిస్తారు. కొద్ది వారాలకు ఎప్పుడూ నిద్రపోతుంటారు, పాలు సరిగా తాగరు. కామెర్లు తొందరగా తగ్గవు. నాలుక పెద్దదిగా, బొడ్డు ఉబ్బెత్తుగా, ఏడుపు బొంగురుగా ఉండవచ్చు. "మా పాపాయి ఎంత బుద్ధిమంతురాలో, ఏడవనే ఏడవదు" అని ఇంట్లోవారు మురిసిపోతారు! కాని ఆ వారాల్లోనే మెదడు వేగంగా ఎదుగుతూ ఉంటుంది. దానికి థైరాక్సిన్ అందకపోతే జరిగిన నష్టాన్ని తరువాత ఎంత మందు ఇచ్చినా పూర్తిగా పూడ్చలేము.

ఈ గుర్తులు కనిపించేదాకా ఆగకూడదు. 1974లో కెనడాలోని క్విబెక్‌లో డాక్టర్ డుస్సో ఒక ఉపాయం చూపించాడు. పుట్టిన కొద్ది రోజులలో పాపాయి మడమ నుంచి కొన్ని రక్తపు చుక్కలు తీసి కాగితం మీద ఆరబెట్టి పరీక్షించడమే ఆ ఉపాయం. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే దాదాపు అందరూ మామూలు పిల్లల్లాగే ఎదుగుతారు. మన దేశంలో ఈ పరీక్ష ఇంకా అన్ని ఆసుపత్రుల్లోనూ జరగడం లేదు. మీ ఇంట్లో అక్కకో, పిన్నికో బిడ్డ పుడితే "మడమ రక్తపరీక్ష చేయించారా?" అని అడగండి. మీ ఒక్క ప్రశ్న ఒక బిడ్డ తెలివితేటలను కాపాడవచ్చు.

అమ్మ కేకలు, రక్తపరీక్ష

థైరాయిడ్ మందగించిందని పరీక్షలో ఎలా తెలుస్తుంది? సాయంత్రం వీధిలో ఆడుకుంటున్న మిమ్మల్ని అమ్మ పిలుస్తుంది. మీరు వెంటనే "వస్తున్నా" అంటే ఆమె గొంతు మామూలుగానే ఉంటుంది. పలకకపోతే? గొంతు పెంచుతుంది. ఇంకా పలకకపోతే వీధంతా వినబడేట్టు కేకేస్తుంది!

మెదడు కింద వేలాడే పీయూష గ్రంథి ఆ అమ్మలాంటిది. అది టి.ఎస్.హెచ్. అనే హార్మోను ద్వారా థైరాయిడ్‌ను పిలుస్తుంది. థైరాయిడ్ థైరాక్సిన్‌తో జవాబిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే జవాబు తగ్గుతుంది, కేక పెరుగుతుంది. కాబట్టి రక్తంలో టి.ఎస్.హెచ్. పెరిగి, టి-4 తగ్గి ఉంటే సంగతి తేలిపోయినట్టే. టి-4 మామూలుగా ఉండి టి.ఎస్.హెచ్. మాత్రం కొంచెం పెరిగితే, అందరికీ మందు అవసరం ఉండదు. మళ్ళీ పరీక్షించి డాక్టరే నిర్ణయిస్తారు.

మందు మాత్ర సాధారణంగా ఉదయం పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. అరగంట, గంట తరువాతే కాఫీ, టిఫిను. ఐరన్, కాల్షియం మాత్రలు దానితో కలిపి వేసుకోకూడదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. చాలామందికి జీవితాంతం అవసరమవుతుంది. "బాగానే ఉన్నాను కదా" అని మానేస్తే కొద్ది వారాల్లో గుర్తులు మళ్ళీ తలెత్తుతాయి. బాగుండడానికి కారణం ఆ మాత్రే! ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకూడదు. సన్నబడడానికి అసలే వాడకూడదు. ఎక్కువైతే గుండె దడ, వణుకు వస్తాయి, ప్రమాదం కూడా.

మీరే చేసి చూడండి

ఒకటి: ఉదయం లేవగానే మంచం మీదే నాడి చూసుకోండి. ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి. మీ వయసులో సాధారణంగా 60 నుంచి 100 ఉంటుంది. రోజూ పరుగెత్తే ఆటగాళ్ళకు ఇంకా తక్కువ ఉన్నా భయపడనక్కరలేదు.

రెండు: ఇవాళే గోడ మీద మీ ఎత్తు గీత గీసి, పక్కన తేదీ వెయ్యండి. ఆరు నెలలకొకసారి కొలవండి.

మూడు: ఉప్పును మూత ఉన్న సీసాలో పొడిగా ఉంచండి. తడి తగిలితే అయోడిన్ తగ్గిపోతుంది. అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తినకండి. చేపలు, గుడ్లు, పాలలో కూడా కొంత అయోడిన్ ఉంటుంది.

చివరిగా ఒక హెచ్చరిక. ఇది చదివి, ఆవులింత రాగానే "నాకు థైరాయిడ్" అనుకోకండి! నీరసం నిద్ర చాలకపోయినా వస్తుంది, రక్తహీనత ఉన్నా వస్తుంది. పరీక్షలముందు దిగులుగా ఉన్నా వస్తుంది. ఒక్క గుర్తు ఏమీ చెప్పదు. మూడు నాలుగు గుర్తులు కలిసి, నెలల తరబడి, నెమ్మదిగా పెరుగుతుంటే డాక్టరును అడగాలి. పేరు పెట్టవలసింది మీరూ నేనూ కాదు, రక్తపరీక్ష.

ఇంతకీ లక్ష్మి ఏమైంది? మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలకే కునికిపాట్లు తగ్గాయి. నెలలు గడిచేసరికి గోడ మీద గీత మళ్ళీ పైకి జరగసాగింది. ఇలా సకాలంలో మందు అందిన పిల్లలు చాలావరకు తోటివారిని అందుకుంటారు. మాస్టారు ఒకరోజు లక్ష్మిని పిలిచి, "ఆ రోజుల్లో నిన్ను ఊరికే కోప్పడ్డానమ్మా" అన్నారట.

మీ బెంచీలో కూడా ఈమధ్య మందకొడిగా మారిన స్నేహితుడో, స్నేహితురాలో ఉన్నారా? సోమరి అనేముందు ఒక్క మాట అడగండి: "నీకు చలిగా ఉంటోందా?"